సంతకం వస్తే చదువు వచ్చినట్టేనా?

శ్రోతలకు నమస్కారం. చదువుకున్నవాళ్ల బాధ్యత అనగానే మాటలు మరీ పెద్దవైపోతాయి. ఈ పూట ఒక చిన్న పని గురించే మాట్లాడుకుందాం. మన ఇంట్లోనో పక్కింట్లోనో ఉన్న చదువురాని ఒక పెద్దావిడకు చదవడం నేర్పడం.

ముందుగా ఒక మాట. సంతకం నేర్పి ఆపేయకండి. వేలిముద్ర వేసే మనిషికి కాగితం చదివి వినిపించాలన్న పట్టింపు ఎంతోకొంత ఉంది. సంతకం చేసే మనిషికి ఎవరూ వినిపించరు, చదివే పెట్టిందనుకుంటారు. పొదుపు సంఘం అప్పు కాగితమైనా, పక్కవాళ్ల బాకీకి హామీ అయినా అంతే. సంతకం ఒక్కటే వచ్చినావిడ వేలిముద్రావిడకంటే తొందరగా ఇరుక్కుంటుంది.

మన నెల్లూరు జిల్లా కలిగిరి మండలం దూబగుంటలో 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్లు సంతకం దగ్గర ఆగలేదు. పలక పట్టుకునే సారా సంగతి మాట్లాడుకున్నారు, ఆ మాట సారా దుకాణం దాకా నడిచింది. వాళ్లలో రోశమ్మ అనే ఆవిడ పేరు రాష్ట్రమంతా తెలిసింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది.

సరే, పనిలోకి వద్దాం. మొదటిరోజు పలక కాదు, కళ్లు చూడాలి. నలభై దాటితే చత్వారం వస్తుంది. అక్షరం మసగ్గా కనబడుతుంటే ఆ సంగతి చెప్పరు, "నాకు బుర్రకెక్కదులే నాయనా" అంటారు. మానేసేవాళ్లలో చాలామందికి కావలసింది కళ్లజోడు. పరీక్ష చేయించి, జోడు పెట్టించి, అప్పుడు కూర్చోబెట్టండి. రాసే చేతి నీడ పలకమీద పడకుండా దీపం ఎడమవైపు ఉండాలి.

అ, ఆలతో మొదలుపెట్టకండి. ఆ వయసులో యాభై ఆరు అక్షరాల వరస చూస్తేనే నీరసం వస్తుంది. వ, ల, త, ప, క, గ, డ, ఈ ఏడూ చాలు. వల, తల, కడవ, పడవ, గడప, పలక, తలగడ, అన్నీ ఇంట్లో మాటలే. గుణింతపు గుర్తు ఒక్కటీ అక్కర్లేదు. రోజుకు ఒక అక్షరం, రెండు మాటలు. వ, ప చూడ్డానికి ఒకేలా ఉంటాయి, వెంటవెంటనే చెప్పొద్దు. తర్వాత మ వచ్చేసరికి "వు"తో కలగాపులగం అవుతుంది. మకూ "వు"కూ మధ్య పదిరోజులైనా ఎడం ఉంచాలి. ఏడూ వచ్చాక దీర్ఘం, గుడి, కొమ్ము. ఒత్తులు అన్నిటికంటే చివర.

లెక్క నేర్పే పని తక్కువ. పుట్లూ కూళ్లూ నోటితోనే తేల్చే మనుషులు వాళ్లు. తెలియనిదల్లా సున్నాల స్థానం. బ్యాంకు పాస్‌బుక్కు ముందు పెట్టుకుని జమ ఏ గడిలో ఉంది, తీసింది ఏ గడిలో, నిల్వ ఏది అని వేలితో చూపించండి. ఆ గడుల పేర్లు ఇంగ్లీషులో ఉన్నా ఏమీ కాదు, గుర్తుగా నేర్చుకుంటారు. డబ్బు తీసే కాగితం మీరే నింపాల్సి వస్తే నింపింది పైకి చదవండి. అంకెలు, అక్షరాలు రెండూ రాసి, "మాత్రమే" తర్వాత మిగిలిన చోట గీత కొట్టండి. వాళ్ల ఏటీఎం పిన్ మాత్రం మీరు తెలుసుకోవద్దు, అడగకపోయినా చెప్పేస్తుంటారు.

రోజుకు గంట, రాత్రి భోజనాలయ్యాక. నాట్లప్పుడూ కోతలప్పుడూ, పొగాకు ఊళ్లలో ఆకు కాల్చే బ్యారన్ మండే రోజుల్లోనూ రారు. పదిరోజులు ఎడం వస్తే మూడురోజులు పాత పాఠమే, దానికి విసుక్కోకూడదు. కేంద్రప్రభుత్వం పెద్దవాళ్ల చదువుకోసం పెట్టిన ఉల్లాస్ కార్యక్రమంలో పదిహేనేళ్లు దాటినవాళ్లకు 150 మార్కుల పరీక్ష ఉంది: చదవడానికి, రాయడానికి, లెక్కకు తలా 50.

దానికంటే మంచి పరీక్ష బస్సు బోర్డు. అయితే ఒక మోసం ఉంది. రోజూ ఎక్కే బస్సును రంగును బట్టో, డ్రైవరును బట్టో గుర్తుపట్టి చదివామంటారు. అందుకే ఎక్కని బస్సు బోర్డు చదివించాలి. ఇక్కడ కావలి, కలిగిరి, ఉదయగిరి, కందుకూరు, ఒంగోలు వాళ్లు అదృష్టవంతులు, ఊరిపేరులో ఒక్క ఒత్తూ లేదు. గుడి, ర నేర్పిన వారంలోనే కలిగిరి ఆవిడ తన ఊరు రాసేస్తుంది, మూడు గుళ్లతో సహా. నెల్లూరువాళ్లూ ఆత్మకూరువాళ్లూ ఒత్తులదాకా ఆగాల్సిందే. మరీ గొడవచేస్తే ఆ ఒక్క మాటా బొమ్మలా ముందే దిద్దించండి.