కిలో పప్పు, ఐదు సూదులు

శ్రోతలకు నమస్కారం.

ఉదయ్‌పూర్ పేరు వినగానే మనవాళ్లకి చెరువుల మధ్య రాజమహళ్లు, డబ్బున్నవాళ్ల పెళ్లిళ్లు గుర్తొస్తాయి. ఆ ఊరు దాటి ఆరావళి కొండల్లోకి వెళ్తే ఆ తళుకులేవీ ఉండవు. ఇక్కడో ఇల్లు, ఆ గుట్ట మీద ఇంకో ఇల్లు. చాలావరకు ఆదివాసీ కుటుంబాలు. ఆ పల్లెల్లో పసిపిల్లలకి టీకాలు వేయించే విషయంలో జరిగిన ఒక ప్రయోగం గురించి ఈ రోజు చెప్పుకుందాం. చేసింది డాక్టర్లు కాదు, ఆర్థికశాస్త్రవేత్తలు.

టీకా ఉచితం. ప్రభుత్వం పైసా తీసుకోదు. అయినా ఈ ప్రయోగానికి ముందు ఆ పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి పదిమంది కూడా ఉండేవారు కాదు. ఎందుకని అడిగితే ఊరి పెద్దల నుంచి ఆఫీసర్ల దాకా అందరి దగ్గరా ఒకటే జవాబు: "తల్లులకి అవగాహన లేదండీ." ఈ మాట మన దగ్గరా తక్కువేం కాదు. పిల్ల బరువు తగ్గినా, బడి మానేసినా చివరికి తల్లి అవగాహన దగ్గరికే వచ్చి ఆగుతాం.

ఆ తల్లి నిజంగా బయల్దేరిందే అనుకుందాం. చంకలో బిడ్డ. ఎండలో కొండ దిగి నడిచి సబ్‌సెంటర్‌కి, అంటే పల్లెల కోసం పెట్టిన చిన్న ప్రభుత్వ ఆరోగ్య కేంద్రానికి, చేరేసరికి తలుపుకి తాళం! ఇది నా ఊహ కాదు. పరిశోధకులు ఆ జిల్లాలో ఏడాది పాటు వారం వారం వెళ్లి చూశారు. పనివేళల్లో నూటికి 56 సార్లు ఆ సెంటర్లు మూసే ఉన్నాయి. అక్కడ పనిచేసే నర్సమ్మ, అదే ఏఎన్ఎం, ఏ ఊరు వెళ్లిందో, ఎప్పుడొస్తుందో చెప్పేవాళ్లు లేరు. ఒకసారి అలా వెనక్కి తిరిగి వచ్చిన మనిషి రెండోసారి వెళ్తుందా? నేనైతే వెళ్లను.

అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లోల పేర్లు మీరు వినే ఉంటారు. 2019లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ అందుకున్న ముగ్గురిలో ఈ ఇద్దరూ ఉన్నారు. వాళ్లు, వాళ్ల సహచరులు సేవా మందిర్ అనే స్థానిక స్వచ్ఛంద సంస్థతో కలిసి 134 పల్లెలు తీసుకున్నారు. చీటీలు తీసినట్టుగా వాటిని మూడు జట్లు చేశారు. 30 పల్లెల్లో నెలకోసారి, చెప్పిన రోజున తప్పకుండా టీకా శిబిరం పెట్టారు. ఇంకో 30 పల్లెల్లో అదే శిబిరం, దాంతోపాటు సూది వేయించిన ప్రతిసారీ తల్లికి ఒక కిలో పప్పు. సూదులన్నీ పూర్తయితే స్టీలు కంచాల సెట్టు. మిగిలిన 74 పల్లెలని ఉన్నవి ఉన్నట్టే వదిలేశారు.

చివరికి లెక్క చూస్తే, ఏమీ చేయని పల్లెల్లో టీకాలన్నీ పూర్తయిన పిల్లలు నూటికి 6. శిబిరం మాత్రమే ఉన్నచోట 18. పప్పు ఇచ్చినచోట 39.

కిలో పప్పు ఖరీదు అప్పట్లో దాదాపు 40 రూపాయలు. అక్కడి రోజు కూలిలో ముప్పావు వంతు. నన్ను ఆలోచనలో పడేసింది ఈ ముప్పావు వంతే. బిడ్డనెత్తుకుని సూదికి వెళ్లిన పూట ఆమెకి కూలి పోతుంది, లేదా కట్టెలు, నీళ్లు, మేకల పని వెనకబడుతుంది. ఆడమనిషి పొద్దుకి వెల ఉందని మనం అనుకోం. "ఇంట్లోనే ఉంటుందిగా, ఓ పూట వెళ్లొస్తే ఏం పోయింది?" అంటాం. ఆ పోయిన పూటకి వెలకట్టి చేతిలో పెట్టింది ఆ పప్పు.

ఇంకో సంగతి. శిబిరం ఒక్కటే ఉన్న ఊళ్లలో కూడా మొదటి సూదులకి తల్లులు బాగానే వచ్చారు. అంటే టీకా అంటే భయమో, ద్వేషమో లేదు. తర్వాత్తర్వాత తగ్గిపోయారు. అప్పటి లెక్క ప్రకారం ఐదు సూదుల్లో నాలుగు మూడు నెలలు దాటేసరికి అయిపోయేవి; చివరిది, తట్టుకి వేసేది, తొమ్మిదో నెలలో. అంతదాకా గుర్తుపెట్టుకోవాలి. పిల్లాడా, నిక్షేపంగా ఆడుకుంటున్నాడు. సూది వేయిస్తే రాత్రికి జ్వరం, ఏడుపు, తల్లికి జాగారం. నష్టం ఈ రాత్రే కనబడుతుంది. రాని తట్టు ఎవరికి కనబడుతుంది? చదువుకున్న మనమే ఒంట్లో బాగుందనిపిస్తే బీపీ మాత్ర మింగడం మర్చిపోతాం.

ఈ పద్ధతి నచ్చనివాళ్లూ ఉన్నారు. బిడ్డ మేలు కోసం తల్లికి లంచమేమిటని వాళ్ల బాధ. పైగా బోలెడు ఖర్చు కదా అన్నారు. ఇక్కడే లెక్క తమాషాగా తిరిగింది. శిబిరం మాత్రమే పెట్టినచోట ఒక బిడ్డకి టీకాలన్నీ పూర్తి చేయడానికి అయిన ఖర్చు 2,202 రూపాయలు. పప్పు, కంచాలు ఇచ్చినచోట 1,102. సగమే! ఎలాగంటే, నర్సు జీతం, దారి ఖర్చు ఎంతమంది వచ్చినా మారవు. నలుగురొచ్చినా ఆమె పొద్దస్తమానం కూర్చోవాల్సిందే. పప్పు కోసం పదిమంది వస్తే అదే జీతం పదిమందికి సర్దుకుంటుంది. దినదినం ఖాళీగా నడిచే బస్సుకీ, నిండుగా నడిచే బస్సుకీ డీజిలు ఇంచుమించు ఒకటే కదా, అలాగన్నమాట. ఈ లెక్కలు 2010లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చాయి.

అయితే పప్పు ఇచ్చినా నూటికి 61 మంది పిల్లలకి టీకాలు పూర్తికాలేదన్నదీ ఆ లెక్కలోనే ఉంది. పప్పుతో అంతా అయిపోయిందని చెబితే అబద్ధమే.

తర్వాత హర్యానాలో ఏడు జిల్లాల్లో ఇంకో పెద్ద ప్రయోగం చేశారు. ఈసారి పప్పు బదులు మొబైల్ రీఛార్జి, గుర్తుచేసే మెసేజీలు. వీటితోపాటు ఊళ్లోకి వెళ్లి, "ఇక్కడ ఏ కబురైనా నలుగురికీ ఇట్టే చేరవేసేదెవరు?" అని అడిగారు. జనం చెప్పిన మనుషులనే పట్టుకుని, ఫలానా రోజు టీకాలు వేస్తున్నారని ఊరంతా చెప్పమన్నారు. పెట్టిన రూపాయికి ఎక్కువ ఫలితమిచ్చింది ఖరీదైన రీఛార్జీలు కాదట. ఆ కబుర్ల మనుషులూ, మెసేజీలూనట! మీ వీధిలో అలాంటివాళ్లెవరో ఈపాటికి మీకు గుర్తొచ్చే ఉంటారు.

సెలవు, నమస్కారం.