ఓడిన పార్టీ ఎడమకు జరగాలా? ముందు కౌలు రైతును అడగండి

నమస్తే అండి. హనుమకొండ నుంచి మాట్లాడుతున్నాను.

పోయిన వారం మా చిన్నమ్మ కొడుకు డాలస్ నుంచి ఫోన్ చేశాడు. 2024 నవంబర్‌లో కమలా హారిస్ ఓడిపోయినప్పటి నుంచి అక్కడి డెమోక్రాట్లలో ఒకటే పంచాయితీ అట. పార్టీ ఇంకా ఎడమకు జరగాలా, మధ్యకు రావాలా అని. అద్దెలు పెరగకుండా ఆపుతా, సిటీ బస్సులు ఫ్రీ చేస్తా అని చెప్పి జోహ్రాన్ మమ్దానీ 2025 నవంబర్‌లో న్యూయార్క్ మేయర్‌గా గెలిచాడు. అదే రోజు వర్జీనియాలో మధ్యేవాది అయిన అబిగైల్ స్పాన్‌బర్గర్ గవర్నర్‌గా గెలిచింది. ఎవరి వాదానికి తగ్గ ఉదాహరణ వాళ్లకు దొరికింది. అంతా చెప్పి, "అన్నా, మన దగ్గర ఓడిన పార్టీ ఎటు పోతోంది?" అని అడిగాడు. ఫోన్‌లో నేను సరిగ్గా చెప్పలేకపోయాను. రెండు రోజులు అదే మనసులో తిరిగింది. అందుకే ఈ వీడియో.

మన దగ్గర ఎడమ అనగానే ఎర్రజెండా గుర్తుకొస్తుంది. కడవెండిలో దొడ్డి కొమురయ్య, పాలకుర్తిలో చాకలి ఐలమ్మ గుర్తుకొస్తారు. ఈ వీడియో వరకు నేను ఆ మాటను ఇంకా మామూలుగా వాడుతున్నాను. ఆస్తి లేనివాడి వైపు ప్రభుత్వం డబ్బు, చట్టం ముందుగా నిలబడితే అది ఎడమ. అంతే.

ఇప్పుడు ఓడిన పార్టీ సంగతి. 2018లో 119 సీట్లలో 88 గెలిచిన టీఆర్ఎస్, బీఆర్ఎస్‌గా పేరు మార్చుకొని 2023లో 39కి పడిపోయింది. మన పాత వరంగల్ జిల్లాలో 12 సీట్లుంటే 10 కాంగ్రెస్‌కు పోయాయి. మిగిలినవి జనగామ, స్టేషన్ ఘన్‌పూర్. తర్వాత 2024 లోక్‌సభ ఎన్నికల్లో ఉన్న 17లో ఒక్కటీ రాలేదు. ఉద్యోగ పరీక్షల పేపర్లు లీకయ్యాయని కొందరు అంటారు, మేడిగడ్డ బ్యారేజీ కుంగిందని కొందరు, నాయకులు జనానికి దూరమయ్యారని కొందరు. అన్నీ నిజమే. కానీ నాకు ఎక్కువ బాధ కలిగించేది, ఎవరూ పెద్దగా మాట్లాడనిది ఇంకొకటి ఉంది.

మా మేనమామది పరకాల దగ్గర ఊరు. సొంత భూమి ముప్పావు ఎకరం. ఇంకో నాలుగు ఎకరాలు కౌలుకు పట్టి పత్తి, మిర్చి వేస్తాడు. ఆ నాలుగు ఎకరాల పట్టాదారు హైదరాబాద్‌లో ఉంటాడు. 2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైనప్పుడు ఊరంతా పండగలా ఉండింది. ఎకరానికి పంటకు 4,000, తర్వాత 5,000. పెట్టుబడికి వడ్డీ వ్యాపారి దగ్గరికి పోయే పని తప్పిందని ఎంతమంది రైతులు సంతోషపడ్డారో నేను కళ్లారా చూశాను. అది మంచి పథకం. ఆ మాట ఎవరి ముందైనా చెబుతాను.

కానీ ఆ డబ్బు పట్టా వెంట పోయింది, పని వెంట పోలేదు. ఎన్ని ఎకరాలున్నా పరిమితి లేదు. 50 ఎకరాలున్న ఆయనకు 50 ఎకరాలకూ వచ్చింది. కౌలుదారుకు పైసా రాలేదు. మా మామ ఒక మాట అన్నాడు: "పైసలు ఆయన ఫోన్ల పడ్డయి, మందు డబ్బా నా వీపు మీదున్నది." కోపంగా కూడా అనలేదు. తామర పురుగుకు మందు కొట్టి వచ్చి, అరుగు మీద కూర్చొని, మామూలుగా అన్నాడు.

పట్టా పాస్‌బుక్ లేకపోతే ఏమవుతుందో పట్నంలో ఉన్నవాళ్లకు తెలియకపోవచ్చు. బ్యాంకు పంట రుణం ఇవ్వదు. పత్తిని మద్దతు ధరకు అమ్మాలంటే పట్టాదారు పాస్‌బుక్ అడుక్కొని తేవాలి, డబ్బు ఆయన ఖాతాలో పడితే మళ్లీ ఆయన చుట్టూ తిరగాలి. అంత తిప్పలెందుకని ఎంతోమంది ఊర్లోనే చిల్లర వ్యాపారికి తక్కువకు ఇచ్చేస్తారు. పంట పోతే ఆ నష్టం మాత్రం పూర్తిగా కౌలుదారుదే. ఏ నష్టం వచ్చినా కౌలు డబ్బు ముందే కట్టి ఉంటాడు కాబట్టి పట్టాదారుకు టెన్షన్ లేదు.

2020లో కొత్త రెవెన్యూ చట్టం వచ్చి, ధరణి అనే ఆన్‌లైన్ భూమి రికార్డు వచ్చి, పహాణీలో ఉండే అనుభవదారు కాలమ్ పోయింది. భూమి మీద ఎవరు ఉన్నారో, ఎవరు దున్నుతున్నారో చెప్పే కాగితం అదొక్కటే. 2023 ప్రచారంలో కేసీఆర్ ఆ కాలమ్ మళ్లీ వస్తే రైతుల భూములకు ముప్పు అని సభల్లో హెచ్చరించారు. ఆ భయం ఊరికే పుట్టింది కాదు. 1950 కౌలుదారీ చట్టం కింద మన తెలంగాణలో రక్షిత కౌలుదార్లకు హక్కులు వచ్చాయి, భూమి వాళ్లదే అని చెప్పే 38ఈ సర్టిఫికెట్లు వచ్చాయి. ఆ చట్టం పేదవాడికి చేసిన మేలు చాలా పెద్దది. కానీ కాగితం మీద కౌలుదారు పేరు ఎక్కితే భూమి పోతుందన్న మాట అప్పటి నుంచి పట్టాదారుల ఇళ్లలో నిలిచిపోయింది. రెండు ఎకరాలు కౌలుకిచ్చి కొడుకు దగ్గర ఉంటున్న ముసలామెకు కూడా అదే భయం. ఆమెను దొర అనలేం కదా.

ఆ భయానికి మందు కూడా ఎప్పుడో కనిపెట్టారు. ఉమ్మడి రాష్ట్రంలో 2011లో అధీకృత సాగుదారుల చట్టం తెచ్చారు. కౌలుదారుకు ఏడాదికి రుణ అర్హత కార్డు ఇస్తారు. దానితో అప్పు, బీమా, నష్టపరిహారం అడగవచ్చు. భూమి మీద మాత్రం ఏ హక్కూ రాదని ఆ చట్టంలోనే రాసి ఉంది. తెలంగాణ కోసం కొట్లాడి గెలిచిన పార్టీ తన దాదాపు పదేళ్ల పాలనలో ఆ కార్డును పట్టించుకోలేదు. నాకు ఇదే అర్థం కాదు. ఉద్యమంలో రోడ్డు మీద వంటావార్పుకు కూర్చున్నవాళ్లలో కౌలుదార్లు లేరా?

ఆ ఖాళీని మొదట చూసింది కాంగ్రెస్. 2014లో 21, 2018లో 19 సీట్లకు పడిపోయిన పార్టీ అది. 2022 మే 6న మన హనుమకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో రాహుల్ గాంధీని పిలిచి వరంగల్ డిక్లరేషన్ చదివింది. 2 లక్షల రుణమాఫీ, కౌలు రైతుకు కూడా ఎకరానికి ఏడాదికి 15,000, భూమిలేని కూలీకి 12,000. రెండుసార్లు ఓడాక ఆ పార్టీ ఎడమకు జరిగింది, గెలిచింది. మా తమ్ముడి ప్రశ్నకు మన ఊర్లోనే ఒక జవాబు ఉంది.

అయితే గెలిచాక ఏమైంది? 2025 జనవరిలో రైతు భరోసా ఎకరానికి ఏడాదికి 12,000గా మొదలైంది, అది మళ్లీ పట్టాదారుకే. ఉపాధి హామీలో 20 రోజులు పనిచేసిన భూమిలేని కుటుంబాలకు ఆత్మీయ భరోసా అన్నారు. మా మామకు ముప్పావు ఎకరం ఉంది కాబట్టి అందులోకి రాడు. కౌలుకు పట్టిన నాలుగు ఎకరాలకు రైతు భరోసా కూడా రాదు.

మరి ఎడమకు జరిగితే గెలుస్తారని గ్యారెంటీ ఉందా? లేదు. బ్రిటన్‌లో లేబర్ పార్టీ కార్బిన్ నాయకత్వంలో ఎడమకు జరిగి 2017లో 40 శాతం ఓట్లు తెచ్చుకుంది. అదే నాయకుడితో 2019లో 32 శాతానికి పడి ఘోరంగా ఓడింది. మన దగ్గర 2023లో సీపీఎం ఒంటరిగా 19 చోట్ల నిలబడితే ఒక్కటీ రాలేదు. కాంగ్రెస్‌తో పొత్తులో సీపీఐకి కొత్తగూడెం ఒక్కటి వచ్చింది. కానీ పోలింగ్ అయిన నెల తిరగకుండానే, డిసెంబర్ 27న సింగరేణిలో గుర్తింపు సంఘం ఎన్నిక, అంటే కార్మికుల తరఫున యాజమాన్యంతో మాట్లాడే సంఘాన్ని ఎన్నుకునే ఎన్నిక జరిగింది. అంతకుముందు 2012లో, 2017లో గెలిచిన బీఆర్ఎస్ అనుబంధ సంఘం పోయింది. సీపీఐ అనుబంధ ఎర్రజెండా సంఘం ఏఐటీయూసీ గెలిచింది. గోదావరిఖని, మందమర్రి గనుల్లో దిగే కార్మికులకు ఎడమ అంటే రోత లేదు. బాయి దగ్గర తన కోసం ఎవరు నిలబడతారో, అసెంబ్లీలో ఎవరు గెలవగలరో వాళ్లు వేర్వేరుగా లెక్క వేసుకుంటారు.

ఎవరూ ఎడమకు జరగకపోతే ఏమవుతుందో కూడా ఉత్తర తెలంగాణలోనే చూశాం. 2019లో నిజామాబాద్ లోక్‌సభకు 185 మంది పోటీ చేశారు. అందులో 170 మందికి పైగా రైతులే. పసుపుకు ధర కావాలి, బోర్డు కావాలి అన్నారు. అది పూర్తిగా రైతు బాధ, పొట్ట బాధ. ఆ బాధను పట్టుకొని, పసుపు బోర్డు తెస్తానని బాండ్ పేపర్ మీద రాసిచ్చి బీజేపీ అభ్యర్థి అర్వింద్ గెలిచారు, అప్పటి టీఆర్ఎస్ ఎంపీ కవిత ఓడారు. 2023లో బీజేపీకి వచ్చిన 8 అసెంబ్లీ సీట్లలో 7 పాత ఆదిలాబాద్, నిజామాబాద్ జిల్లాల్లోవే. కామారెడ్డిలో కేసీఆర్, రేవంత్ రెడ్డి ఇద్దరూ బీజేపీ చేతిలో ఓడిపోయారు. పేదవాడి బాధ ఎవరి కోసం ఎదురుచూస్తూ కూర్చోదండి.

కాబట్టి నా మాట ఇది. బీఆర్ఎస్ ఎడమకు జరగాలి. సభలో పాత పాటలు పాడి కాదు. రైతుబంధుకు పరిమితి పెట్టకపోవడం తప్పు, కౌలుదారును వదిలేయడం తప్పు అని పెద్ద నాయకులు పరకాల, నర్సంపేట లాంటి చోట నిలబడి నోటితో చెప్పాలి. 2011 చట్టం కింద కార్డులు ఇవ్వమని తహసీల్దార్ ఆఫీసుల ముందు కౌలుదార్లతో కలిసి కూర్చోవాలి. దీనికి అధికారం అక్కర్లేదు. కష్టం ఎక్కడంటే, ఊర్లలో ఆ పార్టీ జెండా మోసే చాలామంది పట్టాదారులే. వాళ్లలో కొందరు అలుగుతారు, కొందరు పోతారు. పోనివ్వాలి అనే అంటాను. రేపు కాంగ్రెస్ ఓడినా ఇదే మాట చెబుతాను.

మా దగ్గర ఉగాదికి కౌలు మాట్లాడుకుంటారు. ఈసారి మా మామ ధైర్యం చేసి, ఏడాదికి కాగితం రాసుకుందామా అని పట్టాదారును అడిగాడట. "కాగితం అయితే వేరేవాళ్లకు ఇస్తా" అన్నాడట ఆయన. ఆ నాలుగు ఎకరాలు పోతే ఇల్లు గడవదు. నోటిమాట మీదే ఒప్పుకొని, బయానా ఇచ్చి వచ్చాడు.