పటిక ఎవరు కలపాలి?

శ్రోతలకు నమస్కారం.

నల్గొండ పేరు మీద ఒక పద్ధతి ఉంది, నల్గొండ టెక్నిక్. నీళ్లలోంచి ఫ్లోరైడ్‌ను తీసేస్తుంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ‘నీరి’ శాస్త్రవేత్తలు 1970ల్లో తయారుచేశారు. కెన్యా, టాంజానియా, ఇథియోపియా దాకా వెళ్లింది. నల్గొండ పల్లెల్లో మాత్రం నిలబడలేదు. ఆ సంగతే ఈ పూట మాట్లాడుకుందాం.

ఫ్లోరైడ్ జబ్బు గురించి మనకు తెలియక కాదు. 1937లోనే అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలో, నెల్లూరు జిల్లా పల్లెల్లో డాక్టర్లు దీన్ని గుర్తించి రాశారు. తర్వాత కలరా భయంతో, కరువు దెబ్బతో ఊరూరా బోరింగులు వేశారు. ఉద్దేశం మంచిదే. కానీ ఇక్కడి గ్రానైట్ రాళ్లలోని ఫ్లోరైడ్ ఆ నీళ్లలో కరిగి ఉంటుంది. రంగు మారదు, వాసన రాదు. కాచినా పోదు సరికదా, నీరు ఆవిరైన కొద్దీ ఇంకా చిక్కబడుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగకూడదు. అంతకు మించిన నీళ్లు ఏళ్ల తరబడి తాగితే పిల్లల పళ్లకు గార పడుతుంది. పెద్దయ్యేసరికి కీళ్లు పట్టేసి నడుము వంగిపోతుంది. వంగిన ఎముకను తిరిగి నిలబెట్టే మందు లేదు.

ఇక ఆ పద్ధతి ఎలా ఉంటుందంటే, నీళ్లలో సున్నం, పటిక, బ్లీచింగ్ పౌడర్ వేసి కలపాలి. మొదట గబగబా, తర్వాత నెమ్మదిగా. గంటసేపు కదిలించకుండా ఉంచితే మడ్డి అడుక్కి దిగుతుంది, పై నీళ్లు వంపుకోవాలి. కరెంటు అక్కర్లేదు, ఖరీదైన యంత్రం అక్కర్లేదు. కాగితం మీద పేదవాడి కోసమే పుట్టినట్టుంటుంది.

కానీ ఎంత పటిక వెయ్యాలన్నది ఆ బోరు నీళ్లను బట్టి మారుతుంది. అంటే ముందు పరీక్ష చేయించాలి. తక్కువ వేస్తే ఫ్లోరైడ్ పోదు, ఎక్కువైతే నోట పెట్టుకోలేం. తెల్లారి కూలికి పోయే ఇల్లాలు బిందెలు మోసుకొచ్చి, ఇదంతా చేసి, ఆ మడ్డిని పిల్లలు తొక్కని చోట పారబోసి, అప్పుడు పొలానికి పోవాలి. రోజూ. శాస్త్రం చవకైంది నిజమే, ఆమె చాకిరీకి ఎవరూ లెక్క కట్టలేదు కాబట్టి.

ఇంకో చిత్రం చూడండి. 1967లో జాతికి అంకితమైన నాగార్జున సాగర్ ఉన్నది ఈ జిల్లాలోనే. ఎడమ కాలువ కింద మిర్యాలగూడ వైపు వరి పండింది. ఎత్తు మీదున్న మర్రిగూడ, మునుగోడు పల్లెలకు మాత్రం ఆ నీళ్లు ఎక్కలేదు. మనుషులు తాగడానికైనా పైకి తోడండని అడిగీ అడిగీ విసిగిపోయి, 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్గొండ నుంచి 480 మంది పోటీకి దిగారు. బ్యాలెట్ కాగితం కాస్తా పుస్తకమైంది. అలాంటి పోటీలు ఆ ఏడాది మరికొన్ని చోట్లా జరిగాయి. ఢిల్లీ నుంచి వెంటనే వచ్చిన మార్పేమిటంటే, పార్లమెంటు అభ్యర్థి డిపాజిట్‌ను 500 రూపాయల నుంచి 10,000కు పెంచడం!

చివరికి పైపుల్లో నది నీళ్లు వచ్చాయి. మిషన్ భగీరథ 2016లో మొదలైంది. 2020 నాటికి తెలంగాణలో ఫ్లోరైడ్ నీళ్లే దిక్కైన ఆవాసం ఒక్కటీ లేదని కేంద్రం లెక్క చెప్పింది. గొప్ప పనే, కాదనను. అయితే ఆ లెక్క ఊరికి అందే నీళ్లది, అప్పటికే వంగిన నడుములది కాదు. పైపు పగిలినా మోటారు కాలినా మళ్లీ బోరే గతి. డబ్బున్న ఇంటికి క్యాన్ వస్తుంది. ఆ ఇంట్లోనూ చాలాసార్లు తాగేది క్యాన్ నీళ్లు, అన్నం పప్పు ఉడికేది బోరు నీళ్లతో.

ఇంటింటికీ కుళాయి ఇచ్చే కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు మహిళలకు కిట్‌తో నీటి పరీక్ష నేర్పించాలన్న ఏర్పాటు ఉంది. మీ పంచాయతీలో ఆ కిట్ ఎక్కడుందో, మీ వీధి బోరు నీళ్లలో చివరిసారి ఫ్లోరైడ్ ఎంత వచ్చిందో అడగండి. 1.5 దాటిందంటే ఆ నీళ్లు తాగొద్దు, వంటకూ వాడొద్దు. ముఖ్యంగా ఎనిమిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లలో.

నమస్కారం.