ఓఏఎల్ గేజ్, బుల్లెట్ కంపారేటర్ రివ్యూ: సీటింగ్ డెప్త్ విషయంలో ఆ అంకెని ఎంతవరకు నమ్మాలి?

నమస్తే అండి. ఇవాళ బల్ల మీద రెండు పనిముట్లున్నాయి. ఒకటి హోర్నడీ లాక్-ఎన్-లోడ్ ఓఏఎల్ (రౌండ్ మొత్తం పొడవు) గేజ్, రెండోది దానికి జతగా వాడే బుల్లెట్ కంపారేటర్. రైఫిల్ రౌండ్లు సొంతంగా రీలోడ్ చేసేవాళ్లు, అంటే పేలిన కేస్‌లో (ఇత్తడి గొట్టం) మళ్లీ పౌడర్, బుల్లెట్ నింపుకునేవాళ్లు, బుల్లెట్‌ని కేస్‌లో ఎంత లోతుకి దించాలో, అదే సీటింగ్ డెప్త్, తేల్చుకోవడానికి వాడేవి ఇవే. తీర్పు ముందే చెప్పేస్తున్నా: కంపారేటర్ తప్పకుండా ఉండాలి. గేజ్ ఉంటే మంచిదే, లేకపోయినా పని ఆగదు.

కంపారేటర్ ఎందుకంటే, రౌండ్ మొత్తం పొడవు కొలిస్తే మీరు కొలుస్తున్నది బుల్లెట్ మొనని. హాలో పాయింట్ మ్యాచ్ బుల్లెట్లయితే ఒకే డబ్బాలో కూడా మొనలు ఒకదానికొకటి కలవవు, పది థౌ తేడా రావడం మామూలే. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. కానీ బ్యారెల్‌లో రైఫ్లింగ్ (లోపలి మెలిక గాళ్లు) మొదలయ్యే చోట, అంటే ల్యాండ్స్‌కి, ముందు తగిలేది మొన కాదు. బుల్లెట్ వంపు తిరిగే ఓజైవ్. కంపారేటర్ పట్టేది ఆ ఓజైవ్‌నే. అందుకే కేస్ అడుగు నుంచి ఓజైవ్ దాకా వచ్చే కొలత నిలకడగా ఉంటుంది.

దీన్ని కాలిపర్ దవడకి స్క్రూతో బిగించాలి. బిగించాక దవడలు మూసి వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. ఇన్సర్ట్, అంటే బుల్లెట్ సైజుకి తగ్గ రంధ్రమున్న ముక్క, ఒక పక్కకి వాలి ఉంటే సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. విప్పి మళ్లీ బిగించండి, ఆ తర్వాతే జీరో నొక్కండి. ఇంకో మాట. ఇన్సర్ట్ రంధ్రం ఓజైవ్‌ని తాకే చోటు, మీ బ్యారెల్ ల్యాండ్స్ తాకే చోటు ఒకటే కావు. కాబట్టి ఈ అంకె మీ రైఫిల్‌కి, ఈ బుల్లెట్‌కి, ఈ ఇన్సర్ట్‌కి మాత్రమే. వేరేవాళ్ల అంకె తెచ్చి మీ డై (బుల్లెట్‌ని కేస్‌లోకి దించే పనిముట్టు) సెట్ చేసుకోవద్దు.

ఇక గేజ్. బోల్ట్ యాక్షన్‌కి తిన్నటిది, సెమీ ఆటో, లీవర్ లాంటి వాటికి వంపు ఉన్నది దొరుకుతాయి. దీని చివర అడుగున మర వేసిన మాడిఫైడ్ కేస్ బిగుస్తుంది, అది మీ క్యాలిబర్‌కి విడిగా కొనుక్కోవాలి. మొదలుపెట్టే ముందు రైఫిల్ ఖాళీ అని కంటితో, వేలితో రెండింటితోనూ చూసుకోండి, పౌడర్ ఉన్న రౌండ్లు ఆ బల్ల మీద ఉండకూడదు. ఛాంబర్ (బ్యారెల్‌లో రౌండ్ కూర్చునే చోటు) కూడా శుభ్రం చేయండి. కేస్ మూతి దగ్గర కార్బన్ గట్టి ఉంగరంలా పేరుకుపోయి ఉంటే కొలత తప్పు చూపిస్తుంది.

బోల్ట్ తీసేసి, మాడిఫైడ్ కేస్ నెక్‌లో (పైనున్న సన్నటి మెడ) బుల్లెట్ పెట్టి, షోల్డర్ (మెడ కింది వాలు) ఆనేదాకా ఛాంబర్‌లోకి తోయండి. ఒక చేత్తో కేస్‌ని ముందుకి ఒత్తి పట్టుకుని, రెండో చేత్తో లోపలి కడ్డీని మెల్లగా జరపండి. బుల్లెట్ ల్యాండ్స్‌కి తగిలి ఆగగానే లాక్ స్క్రూ బిగించండి. బయటికి తీసేటప్పుడు బుల్లెట్ లోపలే ఉండిపోతే కంగారు పడకండి, మజిల్ (బ్యారెల్ ముందు మూతి) వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో చిన్నగా తడితే వచ్చేస్తుంది. దాన్ని మళ్లీ నెక్‌లో పెట్టి, కడ్డీకి ఆనించి, కంపారేటర్‌తో కొలవండి.

అందరూ చెడగొట్టేది ఆ కడ్డీ దగ్గరే. గట్టిగా తోస్తే బుల్లెట్ ల్యాండ్స్‌లోకి దిగబడుతుంది, కొలత పది, పదిహేను థౌ ఎక్కువ వస్తుంది. ఐదుసార్లు కొలవండి. రెండు, మూడు థౌ లోపల కలిసి వస్తే చెయ్యి కుదిరినట్టే. ఒకటి మాత్రం దూరంగా పోతే సగటులో కలపకుండా పారేయండి.

గేజ్‌లో ఇంకో చిక్కుంది. మాడిఫైడ్ కేస్ మీ ఛాంబర్‌లో పేలిన కేస్ కాదు, దాని షోల్డర్ మీ కేస్‌ల కంటే కొంచెం వెనక ఉండొచ్చు. హెడ్‌స్పేస్ కంపారేటర్‌తో, అంటే కేస్ అడుగు నుంచి షోల్డర్ దాకా కొలిచేదానితో, రెండూ కొలిచి చూడండి. మీరు సైజ్ చేసిన (డైలో నొక్కి మళ్లీ కొలతకి తెచ్చిన) కేస్ ఐదు థౌ పొడవుగా ఉందనుకోండి, గేజ్ ఇచ్చిన అంకెకి ఐదు కలుపుకోవాలి. లేదా మీ పేలిన కేస్‌నే డ్రిల్ చేసి 5/16-36 ట్యాప్‌తో మర వేయించుకుంటే ఈ లెక్కే అక్కర్లేదు.

గేజ్ లేనివాళ్లు బోల్ట్ నుంచి ఫైరింగ్ పిన్, ఎజెక్టర్ (కేస్‌ని బయటికి తోసే భాగం) రెండూ విప్పేయండి. ప్రైమర్ (పౌడర్‌ని అంటించే చిన్న టోపీ), పౌడర్ లేని డమ్మీ రౌండ్‌లో బుల్లెట్ కావాలనే పొడవుగా పెట్టి, కొద్దికొద్దిగా దించుతూ బోల్ట్ మూస్తూ చూడండి. హ్యాండిల్ ఎక్కడా పట్టుకోకుండా దాని బరువుకి అదే పడిపోయిన కొలత దగ్గర ల్యాండ్స్ వదిలేసినట్టు. ఓపిక కావాలి గానీ, నన్నడిగితే గేజ్ కంటే దీన్నే ఎక్కువ నమ్ముతాను.

సరే, ల్యాండ్స్ ఎక్కడున్నాయో తెలిసింది. ఇప్పుడు జంప్, అంటే బుల్లెట్ ల్యాండ్స్‌ని అందుకునే ముందు దాటే ఖాళీ, ఎంత పెట్టాలి? ముందు మ్యాగజైన్ చూడండి. .308 విన్చెస్టర్‌కి శామీ (అమెరికా తుపాకీ, తూటా తయారీదారుల ప్రమాణాల సంస్థ) ఇచ్చిన గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు. ల్యాండ్స్‌కి దగ్గరగా పెట్టిన రౌండ్ మ్యాగజైన్‌లో పట్టకపోతే, ఒక్కొక్కటి చేత్తో పెట్టుకోవాల్సి వస్తుంది. వేటకి అది పనికిరాదు.

తర్వాత బుల్లెట్ ఆకారం. టాంజెంట్ ఓజైవ్ (వంపు ఒంటితో నునుపుగా కలిసేది) బుల్లెట్లు జంప్ గురించి పెద్దగా పట్టించుకోవు. సీకెంట్ ఓజైవ్ (వంపు ఒంటిని కోణంలో కలిసేది) ఉన్న వీఎల్‌డీ, అంటే గాలి నిరోధం బాగా తక్కువగా ఉండే పొడుగు రకం, మాత్రం పేచీ పెడుతుంది. దానికి బుల్లెట్ తయారీ సంస్థ బెర్గర్ చెప్పే పద్ధతి సుఖం: టార్గెట్ షూటర్లయితే ల్యాండ్స్‌లోకి 10 థౌ, తర్వాత 40, 80, 120 థౌ జంప్. ఒక్కో లోతుకి ఆరు రౌండ్లు, మూడేసి చొప్పున రెండు గ్రూపులు. వేటగాళ్లయితే 10 థౌ జంప్‌తో మొదలెట్టి 50, 90, 130. పూర్తి రాగి బుల్లెట్లకి ఇంకో తయారీ సంస్థ బార్న్స్ 50 థౌ జంప్ నుంచి మొదలెట్టమంటుంది.

ఇక్కడ ప్రెషర్ సంగతి మర్చిపోవద్దు. ల్యాండ్స్‌కి ఆనించినా, లోపలికి దిగబెట్టినా, బుల్లెట్ కదలడానికి ముందే ప్రెషర్ పెరుగుతుంది. కేస్‌లోకి మరీ లోతుగా దించితే లోపలి చోటు తగ్గి, దానివల్ల కూడా పెరుగుతుంది, చిన్న కేస్‌లలో ఇంకా ఎక్కువ. అందుకే ఈ పరీక్ష మాన్యువల్‌లోని స్టార్టింగ్ చార్జ్‌తోనే (మొదలెట్టే పౌడర్ మోతాదు) చేయండి, లోతు మార్చిన ప్రతిసారీ చార్జ్ కింద నుంచి పైకి రండి. బోల్ట్ ఎత్తడం బిగుసుకున్నా, కేస్ అడుగున ఎజెక్టర్ గుర్తు మెరిసినా అక్కడితో ఆపేయండి. జామ్ లోడ్‌కి, అంటే ల్యాండ్స్‌లోకి దిగబెట్టిన రౌండ్‌కి, ఇంకో బెడద: పేల్చని రౌండ్‌ని బయటికి లాగితే బుల్లెట్ ల్యాండ్స్‌లో ఉండిపోయి, పౌడరంతా యాక్షన్‌లో ఒలికిపోతుంది. మ్యాచ్ మధ్యలో సీజ్‌ఫైర్ పిలిస్తే అంతే సంగతులు.

ఫలితాలు చూసేటప్పుడు ఒక్క చిన్న గ్రూపు చూసి మురిసిపోకండి, మూడు షాట్లు చాలాసార్లు మోసం చేస్తాయి. పక్కపక్కనున్న లోతులు రెండూ మూడూ బాగా వేసే పట్టీ వెతకాలి. 40 నుంచి 55 థౌ జంప్ దాకా బాగుందనుకోండి. నేనైతే 47 దగ్గర పెట్టను, 42 దగ్గర పెడతాను. పేల్చేకొద్దీ త్రోట్ (ఛాంబర్ దాటాక ల్యాండ్స్ మొదలయ్యే చోటు) అరిగి ల్యాండ్స్ ముందుకి జరుగుతాయి, జంప్ దానంతటదే పెరుగుతుంది. పట్టీ మొదట్లో ఉంటే డై ముట్టుకోకుండా చాలా రౌండ్లు నడుస్తాయి. ల్యాండ్స్ వెనకే ప్రతి రెండు థౌకీ పరిగెత్తడం దండగ.

చివరగా డై. సీటింగ్ స్టెమ్, అంటే డైలో బుల్లెట్‌ని కిందికి తోసే భాగం, మొనని కాకుండా ఓజైవ్‌ని పట్టాలి. మొన స్టెమ్ లోపల అడుక్కి తగులుతుంటే మీరు కొలిచినదంతా వృథా, పొడుగు బుల్లెట్లకి వీఎల్‌డీ స్టెమ్ విడిగా తీసుకోండి. బుల్లెట్ మీద ఉంగరంలా గీత పడుతుంటే నెక్ బిగువు ఎక్కువైందనో, కేస్ మూతి లోపల చాంఫర్ (అంచుని ఏటవాలుగా చెక్కడం) సరిగ్గా లేదనో అర్థం. పౌడర్ కంప్రెస్ అయిన లోడ్‌లలో బుల్లెట్ మెల్లగా పైకి లేస్తుంది, మర్నాడు మళ్లీ కొలవండి. డై సెట్ చేశాక వాడిన డమ్మీ రౌండ్ కేస్‌కి పక్కన ఒక రంధ్రం చేసి, బుల్లెట్ పేరు, కొలత, తేదీ మార్కర్‌తో రాసి డబ్బాలో పెట్టుకోండి. బుల్లెట్ల లాట్ (తయారీ బ్యాచ్) మారినప్పుడు కొత్త బుల్లెట్‌తో ఇంకో డమ్మీ చేసి దాని పక్కన పెట్టి కొలవండి, ఓజైవ్ మారి ఉంటే ఐదు నిమిషాల్లో బయటపడుతుంది.