అంటు కట్టిన కొమ్మ

వ్యాఖ్యాత: నమస్కారం. బైబిల్లో ‘ఇశ్రాయేలు’ అని చదువుతాం, పేపర్లో ‘ఇజ్రాయెల్’ అని చూస్తాం. రెండూ ఒకటేనా? క్రైస్తవ సంఘానికి దానితో సంబంధం ఏమిటి? అయ్యగారూ, మీరు మొదలుపెట్టండి.

పాస్టర్: నాకైతే గందరగోళం లేదండీ. ఇశ్రాయేలు వేరు, సంఘం వేరు. అబ్రాహాముకు చేసిన వాగ్దానాలు ఇంకా అలాగే ఉన్నాయి. సంఘం పరలోకానికి ఎత్తబడ్డాక ఇశ్రాయేలు లెక్క మళ్లీ మొదలవుతుంది.

అధ్యాపకురాలు: ఆ లెక్క పాతదేం కాదు అయ్యగారూ. 19వ శతాబ్దంలో జాన్ నెల్సన్ డార్బీ అనే బోధకుడు దాన్ని ఒక పద్ధతిలో పెట్టాడు. 1909లో స్కోఫీల్డ్ బైబిల్ దాన్నే నోట్సుగా అచ్చేసి అందరికీ చేర్చింది.

పాస్టర్: పాతదంతా ఒప్పా మరి? రెండో శతాబ్దంలోనే క్రైస్తవ రచయిత జస్టిన్ మార్టిర్, నిజమైన ఇశ్రాయేలు మేమే అన్నాడు. ఆ ధోరణి ఎంత దూరం పోయింది? 1543లో ప్రొటెస్టెంట్ సంస్కర్త లూథర్ యూదుల సమాజమందిరాలు తగలబెట్టమని రాశాడు!

అధ్యాపకురాలు: (కాసేపు ఆగి) నిజమే. నేను గుంటూరులో లూథరన్ ఇంట్లో పుట్టాను. సండేస్కూల్లో మాకు ఆ సంగతి ఎవరూ చెప్పలేదు. అయితే నేనూ సంఘం ఇశ్రాయేలు కుర్చీ లాక్కుందని అనడం లేదు. పౌలు రాసిన రోమా పత్రిక 11వ అధ్యాయం చూడండి. కడియం నర్సరీలో ఏం చేస్తారు? నాటు టెంక మొక్క మీద బంగినపల్లి కొమ్మ కడతారు. పౌలు దాన్ని తిరగేశాడు. దేవుడు అడవి ఒలీవ కొమ్మ తెచ్చి మంచి చెట్టుకు కట్టాడంటాడు. ఇది స్వభావ విరుద్ధమని 24వ వచనంలో తనే ఒప్పుకున్నాడు. ఆ అడవి కొమ్మలం మనమే. చెట్టు మనది కాదు.

వ్యాఖ్యాత: మాకూ మామిడి తోట ఉండేది. అంటు కట్టిన చోట మచ్చ చెట్టు ముసలిదైనా పోదు.

పాస్టర్: విరిచిన కొమ్మల్ని దేవుడు మళ్లీ అంటు కడతాడని కూడా అక్కడే ఉంది. ఇశ్రాయేలంతా రక్షణ పొందుతుందని 26వ వచనం.

అధ్యాపకురాలు: అక్కడ ‘ఇశ్రాయేలు’ అంటే యూదులూ, యూదులు కాని అన్యజనులూ కలిసిన విశ్వాసులని 16వ శతాబ్దపు సంస్కర్త కాల్విన్ అర్థం చెప్పాడు. నాకది అతకదు. అధ్యాయమంతా యూదుల గురించి మాట్లాడి ఆ ఒక్క వాక్యంలో పౌలు మాట మారుస్తాడా? 1965లో కాథలిక్కుల రెండో వాటికన్ మహాసభ కూడా ఇదే ఒలీవ చెట్టును గుర్తుచేసింది.

పాస్టర్: అంటే నాతో ఏకీభవించినట్టేగా!

అధ్యాపకురాలు: సగం. 1948లో ఏర్పడ్డ దేశం సంగతి వేరు. మీ మందిరంలో ఆ జెండా ఉంది కదా?

పాస్టర్: ఉంది. స్టేజీ పక్కనే.

అధ్యాపకురాలు: బేత్లెహేములో ఇదే రోమా పత్రికను అరబ్బీలో చదువుకునే క్రైస్తవులున్నారు. జెండా కట్టేటప్పుడు వాళ్లు గుర్తొస్తారా?

పాస్టర్: ...రారమ్మా. కానీ తీసేద్దామంటే మా పెద్దలు నన్నే తీసేస్తారు.

వ్యాఖ్యాత: (నవ్వుతూ) చిన్న బ్రేక్ తీసుకుందాం.