ఫోను ఎవరి మాట విని నెట్‌వర్క్‌ను ఎంచుకుంటుంది?

సభకు నమస్కారం.

ఫోను జేబులో ఉన్నప్పుడు మనం దాని సంగతి పట్టించుకోం. అది మాత్రం చుట్టుపక్కల ఏయే నెట్‌వర్కులు ఉన్నాయో వెతుకుతూనే ఉంటుంది. దొరికినవాటిలో ఒకదాన్ని ఎంచుకుంటుంది, కాసేపటికి దాన్ని వదిలి ఇంకోదానికి మారుతుంది. చాలాసార్లు మనల్ని అడగకుండానే ఇదంతా జరిగిపోతుంది. ఆ ఎంపిక దేన్ని చూసి జరుగుతోంది, ఎవరి మాట మీద జరుగుతోంది అన్నదే ఈ రోజు నా విషయం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కనెక్ట్ కాకముందు పరికరానికి తెలిసేది చాలా తక్కువ. ఆ కాస్త సమాచారంతో తీసుకునే నిర్ణయంలో కూడా ఫోను సొంతదారుకు దక్కుతున్న పాత్ర మరీ చిన్నది. ఈ రెండూ మారాలి.

వైఫైతో మొదలుపెడదాం. యాక్సెస్ పాయింట్, అంటే వైఫై సిగ్నల్‌ను ప్రసారం చేసే పరికరం, సాధారణంగా ప్రతి 102.4 మిల్లీసెకన్లకు ఒకసారి బీకన్ అనే చిన్న సందేశాన్ని ప్రసారం చేస్తుంది. నెట్‌వర్క్ పేరు, అది ఇవ్వగల వేగాలు, భద్రతా పద్ధతి అందులో ఉంటాయి. పేరుకు ఉన్న చోటు 32 బైట్లు మాత్రమే. తెలుగులో పేరు పెడితే ఒక్కో యూనికోడ్ సంకేతానికి మూడు బైట్లు ఖర్చవుతాయి. గుణింతపు గుర్తు విడిగా, పొల్లు విడిగా లెక్కకు వస్తాయి కాబట్టి పది సంకేతాలతోనే చోటు నిండిపోతుంది. మన లిపిలో నెట్‌వర్క్ పేర్లు అరుదుగా కనిపించడానికి ఇదీ ఒక కారణమని నా అనుమానం.

బీకన్ కోసం వేచి ఉండటం ఒక పద్ధతి. కానీ ఒక్కో ఛానెల్‌లో, అంటే వైఫై వాడుకునే ఒక్కో పౌనఃపున్య పట్టీలో, వంద మిల్లీసెకన్లకు పైగా ఆగాలి. అన్ని ఛానెళ్లనూ చుట్టి వచ్చేసరికి సెకన్లు గడుస్తాయి, బ్యాటరీ కరుగుతుంది. అందుకే ఫోనే ముందుగా ‘ఇక్కడ ఎవరున్నారు?’ అని ప్రోబ్ సందేశం పంపుతుంది. సమీపంలోని యాక్సెస్ పాయింట్లు వెంటనే బదులిస్తాయి. 5 గిగాహెర్ట్జ్‌లోని కొన్ని ఛానెళ్లలో మాత్రం ఈ తొందర పనికిరాదు. వాటిని రాడార్లు కూడా వాడుకుంటాయి కాబట్టి, అక్కడ యాక్సెస్ పాయింట్ గొంతు వినిపించేదాకా ఫోను మౌనంగా ఉండాలి.

అడగడంలో ఇంకో చిక్కు ఉంది. భద్రత పెరుగుతుందని నమ్మి కొందరు తమ నెట్‌వర్క్ పేరును దాచిపెడతారు. ఫలితం తలకిందులవుతుంది. పేరు బీకన్‌లో లేదు కనుక ఫోనే ఆ పేరుతో పిలవాలి. ఆ యాక్సెస్ పాయింట్ దగ్గరలో లేని చోట కూడా పిలుస్తూ పోతుంది. పక్కన వింటున్న ఎవరికైనా ఆ పేరు తెలిసిపోతుంది. పైగా ఒకప్పుడు ప్రతి ప్రోబ్‌లోనూ ఫోను శాశ్వత హార్డ్‌వేర్ చిరునామా ఉండేది. ఆ చిరునామాను పట్టుకుని మనిషి ఎక్కడెక్కడ తిరిగాడో గుర్తించడం సాధ్యమయ్యేది. 2014లో ఐఫోన్ సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 8, నెట్‌వర్కుల కోసం వెతికేటప్పుడు యాదృచ్ఛిక చిరునామాలు వాడటం మొదలుపెట్టింది. 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, కనెక్ట్ అయినప్పుడు కూడా అలాంటి చిరునామానే వాడేలా మార్చింది. వెతకడం కూడా ఒక రకంగా తన గురించి చెప్పుకోవడమే అన్న సంగతి పరిశ్రమకు ఆలస్యంగా తలకెక్కింది.

ఇక ఎంపిక. తెర మీద గీతలు ఎక్కువున్న నెట్‌వర్క్ మంచిదని మనలో చాలామంది అనుకుంటాం. సిగ్నల్ బలాన్ని డీబీఎంలలో కొలుస్తారు, మైనస్ అంకె సున్నాకు దగ్గరయ్యేకొద్దీ బలం ఎక్కువ. మైనస్ 50 డీబీఎం సిగ్నల్‌కూ మైనస్ 80 సిగ్నల్‌కూ మధ్య శక్తిలో తేడా వెయ్యి రెట్లు. అంత తేడా ఉన్నా, అది ఫోనుకూ యాక్సెస్ పాయింట్‌కూ మధ్య ఉన్న దారి గురించి మాత్రమే చెబుతుంది. యాక్సెస్ పాయింట్ వెనక ఇంటర్నెట్ ఉందో లేదో, ఉంటే ఎంత వేగంతో ఉందో ఆ గీతలకు తెలియదు. బీకన్‌లో ఎంతమంది కనెక్ట్ అయ్యారో, ఛానెల్ ఎంత రద్దీగా ఉందో చెప్పే ఒక అంశం ఉంది కానీ, దాన్ని పంపడం తప్పనిసరి కాదు.

అందుకే ఫోను ముందు కనెక్ట్ అయి, తర్వాత పరీక్షిస్తుంది. ఆండ్రాయిడ్ ఒక నిర్ణీత చిరునామాకు చిన్న అభ్యర్థన పంపి, 204 అనే ఖాళీ జవాబు కోసం చూస్తుంది. దాని బదులు వేరే పేజీ వస్తే, మధ్యలో లాగిన్ అడిగే గుమ్మం ఉందని అర్థం చేసుకుంటుంది. అప్పటికే మనం ఆ నెట్‌వర్క్ లోపల ఉన్నాం.

ఆ నెట్‌వర్క్ ఎవరిదన్న ప్రశ్న ఇంతకన్నా బరువైనది. పేరు ఎవరైనా పెట్టుకోవచ్చు. పాస్‌వర్డ్ లేని నెట్‌వర్క్‌కు మీ ఫోను ఒకసారి కనెక్ట్ అయి దాన్ని గుర్తుపెట్టుకుందనుకోండి. అదే పేరుతో ఎవరో మోసగాడు పెట్టిన యాక్సెస్ పాయింట్‌కు కూడా అది తనంతట తానే కనెక్ట్ కావచ్చు. రెంటికీ తేడా కనిపెట్టే ఆధారం దాని దగ్గర లేదు.

ఈ లోటును తీర్చే ప్రయత్నాలు జరగలేదని కాదు. ఇంటర్నెట్ ప్రమాణాలు రూపొందించే ఐఈటీఎఫ్ 2008లో వెలువరించిన 5113వ ఆర్‌ఎఫ్‌సీ పత్రం ఈ సమస్యను విడదీసి చూపింది. యాక్సెస్ పాయింట్‌ను కనుక్కోవడం అందులో ఒక భాగం మాత్రమే. అక్కడ తన ఏ గుర్తింపును చూపాలి, దాన్ని సరిచూసే సొంత సంస్థ దాకా ఆ అభ్యర్థన ఏ దారిన వెళ్లాలి అన్నవి కూడా అంతే కష్టమైన ప్రశ్నలని గుర్తుచేసింది. 2011 నాటి 802.11యు అనే వైఫై ప్రమాణంతో, కనెక్ట్ కాకముందే యాక్సెస్ పాయింట్‌ను ప్రశ్నించే వీలు కలిగింది. నిన్ను ఎవరు నడుపుతున్నారు, ఎవరెవరి ఖాతాలను అంగీకరిస్తావు అని ఫోను అడగవచ్చు. దాని ఆధారంగా 2012లో వైఫై కంపెనీల కూటమి అయిన వైఫై అలయన్స్, పాస్‌పాయింట్ అనే ధ్రువీకరణను తెచ్చింది. వెనక ఉన్న ఇంటర్నెట్ లైను వేగం ఎంత అన్న ప్రశ్న కూడా అందులో చేరింది. నెట్‌వర్క్ తన గుర్తింపుకు రుజువుగా చూపే సర్టిఫికెట్‌ను ఫోను సరిగా పరిశీలిస్తే ఉత్త పేరుతో మోసం చేయడం కుదరదు. నా దృష్టిలో ఇదే సరైన దారి. ఇది ఇంకా అన్నిచోట్లా సాధారణం కాకపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

మొబైల్ నెట్‌వర్కుల లెక్క వేరు. అక్కడ పట్టు సిమ్‌ది, అంటే ఆపరేటర్‌ది. ఫోను ఆన్ కాగానే చివరిసారి నమోదైన నెట్‌వర్క్‌ను వెతుకుతుంది. అది లేకపోతే సొంత నెట్‌వర్క్, తర్వాత సిమ్‌లో వినియోగదారు రాసుకున్న జాబితా, ఆ తర్వాత ఆపరేటర్ రాసిన జాబితా. అవేవీ దొరకకపోతే, 4జీలో మైనస్ 110 డీబీఎం లేదా అంతకంటే మెరుగ్గా అందే మిగతా నెట్‌వర్కుల నుంచి ఏదో ఒకదాన్ని యాదృచ్ఛికంగా తీసుకుంటుంది. వాటిలో అన్నిటికంటే బలమైనదాన్నే తీసుకోవాలన్న నియమం లేదు. బలాన్ని బట్టి వరుస పెట్టడం బలహీనమైనవాటి వంతు వచ్చినప్పుడే. ఈ వరుసలో వినియోగదారు జాబితా ఆపరేటర్ జాబితా కంటే ముందుందని గమనించండి. ప్రమాణాలు రాసినవాళ్లు ఆ గౌరవం ఇచ్చారు. కానీ ఆ జాబితాను తెరిచి మార్చుకునే వీలు ఎన్ని ఫోన్లలో సులువుగా కనిపిస్తుంది?

కాల్ మధ్యలో ఒక సెల్ నుంచి, అంటే ఒక టవర్ పరిధి నుంచి, ఇంకోదానికి మారాల్సి వస్తే ఫోను కొలతలు మాత్రమే పంపుతుంది. మారాలా వద్దా అన్నది నెట్‌వర్కే తేలుస్తుంది. వైఫైలో ఇది తిరగబడుతుంది. ‘పక్క యాక్సెస్ పాయింట్‌కు వెళ్లు’ అని 802.11వి అనే వైఫై ప్రమాణం ద్వారా నెట్‌వర్క్ సూచించవచ్చు, ఫోను ఒప్పుకోకపోవచ్చు. ఆపిల్ తన సాంకేతిక పత్రాల్లో ఐఫోన్ లెక్కను వివరించింది. సిగ్నల్ మైనస్ 70 కంటే తగ్గితే వేరేదాని కోసం వెతుకుతుంది. డేటా పంపుతూ ఉంటే కొత్తది 8 డెసిబెల్స్, ఖాళీగా ఉంటే 12 డెసిబెల్స్ మెరుగ్గా ఉండాలి. అంత తేడా అడగకపోతే సరిహద్దులో నిలబడ్డ ఫోను రెండింటి మధ్యా ఊగిసలాడుతూ మిగతా పనంతా మానేస్తుంది. వేరే తయారీదారు ఫోనులో ఈ అంకెలు వేరుగా ఉండవచ్చు. ఒకే గదిలో రెండు ఫోన్లు వేర్వేరుగా ప్రవర్తించడానికి ఇదొక ముఖ్య కారణం.

వైఫైకీ మొబైల్‌కూ మధ్య ఎంపికను ఆపరేటర్ విధానాలతో నడిపించాలని మొబైల్ ప్రమాణాలు రాసే 3జీపీపీ, రిలీజ్ 8 అనే తన ప్రమాణాల విడతలో ఏఎన్‌డీఎస్‌ఎఫ్ అనే ఏర్పాటు చేసింది. అది ఆచరణలో పెద్దగా వేళ్లూనలేదు. రెంటినీ ఒకేసారి వాడుకోవడమే మెరుగైన ఆలోచన అని నాకు అనిపిస్తుంది. 2013లో ఆపిల్ తన మాటల సహాయకి సిరి కోసం, ఒకే కనెక్షన్‌ను ఒకటికంటే ఎక్కువ దారుల్లో నడిపే మల్టీపాత్ టీసీపీని వాడింది. వైఫై జారిపోతుంటే సంభాషణ తెగకుండా మొబైల్ దారిన సాగేది. 5జీలో రిలీజ్ 16 కూడా ఇలాంటి ఏర్పాటునే ప్రమాణంగా చేర్చింది.

ఫోన్ల సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లు ఈ సభలో ఉంటే వారికి నా విన్నపం ఇది. నెట్‌వర్కుల జాబితాలో ప్రతి పేరు పక్కన మూడు సంగతులు చూపండి: అది ఎవరిదో రుజువైందా, వెనక ఇంటర్నెట్ పనిచేస్తోందా, డేటాకు లెక్కకట్టి డబ్బు తీసుకుంటుందా. ఫోను తనంతట తాను మారినప్పుడు, ఎందుకు మారిందో ఒక్క వాక్యంలో రాయండి. ఆ కారణం పరికరం దగ్గర ఉండనే ఉంది, దాన్ని చూపించాలన్న ఉద్దేశమే కావాలి. మిగతావారు సెట్టింగుల్లో సేవ్ అయిన నెట్‌వర్కుల జాబితా తెరిచి, పాస్‌వర్డ్ లేనివాటన్నిటికీ ఆటోమేటిక్‌గా కనెక్ట్ అయ్యే వీలును ఆపేయండి. ఇక మీ ప్రశ్నలు అడగండి.