ఇంజను కంటే ముందు పట్టాలు

శ్రోతలకు నమస్కారం.

మోడల్ రైళ్ల మీద మనసు పడ్డవాళ్లు చాలామంది మొదట ఇంజను కొంటారు. షాపు అద్దాల వెనక మెరుస్తూ కనిపిస్తుంది, ధర చూసి కాస్త జంకినా చెయ్యి ఆగదు. తీరా ఇంటికి తెచ్చాక పట్టాలు, అవి పరిచే చోటు, బండికి కరెంటిచ్చి వేగం మార్చే కంట్రోలరు వెతుక్కుంటారు. ఈ వరస తిరగేస్తే డబ్బు మిగులుతుంది, సరదా కూడా ఎక్కువకాలం నిలుస్తుంది. చెన్నైలో ఉంటూ ఈ అభిరుచి మొదలుపెట్టాలనుకునే మన తెలుగువాళ్ల కోసం ఇవాళ ఆ సంగతులు చెబుతాను.

ముందు టేపు తీసుకుని ఇంట్లో చోటు కొలవండి. అసలు బండిని ఎన్నో వంతుకి తగ్గించారన్నదే స్కేలు. అన్నిటికంటే ఎక్కువ వాడకంలో ఉన్నది హెచ్‌ఓ, అంటే 87వ వంతు. ఎన్ స్కేలు ఇంకా చిన్నది, 160వ వంతు. పెరంబూరులోని ఇంటిగ్రల్ కోచ్ ఫ్యాక్టరీని ఐసీఎఫ్ అంటారు. మనందరం ఎక్కిన నీలం రంగు ఐసీఎఫ్ రకం పెట్టె పొడవు 21 మీటర్ల పైచిలుకు. హెచ్‌ఓలో అది సుమారు 24న్నర సెంటీమీటర్లు, ఎన్‌లో 13 సెంటీమీటర్ల చిల్లర. సెంట్రల్ నుంచి గూడూరు వైపు వెళ్లే 24 పెట్టెల ఎక్స్‌ప్రెస్‌ని హెచ్‌ఓలో నిలబెట్టాలంటే ఇంజను కాకుండానే ఆరు మీటర్లు కావాలి. మన ఫ్లాట్లలో అంత గోడ ఎక్కడిది? నాలుగైదు పెట్టెలతో సరిపెట్టుకోవాలి. వంపు తిరుగుతున్నప్పుడు ఆ నాలుగు పెట్టెలే కంటికి నిండుగా ఉంటాయి.

హెచ్‌ఓ స్టార్టర్ సెట్లలో, ముఖ్యంగా అమెరికా వాటిలో, వంపు వ్యాసార్ధం 18 అంగుళాలు ఉంటుంది. మన దగ్గర ప్లైవుడ్ వచ్చేదే ఎనిమిది అడుగులు, నాలుగు అడుగుల షీటుగా. ఆ వంపులతో గుండ్రంగా తిరిగొచ్చే పట్టాల లూపు దాని మీద హాయిగా పడుతుంది. కానీ షీటుని గోడకి ఆనించేశారనుకోండి, అవతలి అంచున పట్టాలు తప్పిన పెట్టె చేతికి అందదు. మనిషి చెయ్యి వంగి చాపినా రెండున్నర అడుగులు దాటి వెళ్లదు. బల్లకి రెండు వైపులా నడిచే జాగా ఉంటేనే హెచ్‌ఓ లూపు గురించి ఆలోచించండి. లేదంటే ఎన్ స్కేలు మేలు. రెండున్నర అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవున్న బల్ల సరిపోతుంది, ఆట అయ్యాక మంచం కిందకి తోసేయొచ్చు. పొడవాటి పెట్టెలు బిగువైన వంపులో పక్కకి పొడుచుకొస్తాయి, కొన్నయితే అసలు తిరగవు. ఏ వంపు దాకా తిరుగుతుందో సాధారణంగా అట్టపెట్టె మీదో, లోపలి కాగితంలోనో రాసి ఉంటుంది. అది చదివాకే డబ్బు తీయండి.

చోటు తేలాక, బండి ఏం చేస్తుంటే మీకు సంతోషమో మిమ్మల్ని మీరు అడగండి. పెరంబూరులో గార్డుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన ఈ మధ్య నన్ను సలహా అడిగారు. "నాకు బండి గుండ్రంగా తిరగక్కర్లేదమ్మా. గూడ్సు మెల్లగా వచ్చి ఆగాలి, రెండు వ్యాగన్లు విప్పి సైడింగులో పెట్టి పోవాలి, అంతే" అన్నారు. సైడింగంటే వ్యాగన్లని ఆపి ఉంచే పక్క లైను. ఆయన కోరికకి లూపే అవసరం లేదు. అడుగు వెడల్పు, ఆరడుగుల పొడవున్న అర ఒకటి గోడకి కొట్టించుకుంటే హెచ్‌ఓలోనే సాధ్యం. బ్రిటన్‌లో అలన్ రైట్ రూపొందించిన ఇంగిల్‌నుక్ సైడింగ్స్ అనే ఏర్పాటు ఇలాంటివాళ్లకి అచ్చంగా సరిపోతుంది.

ఇందులో బండిని ఒక లైను నుంచి ఇంకో లైనుకి మళ్లించే పాయింట్లు రెండు, లైన్లు మూడు ఉంటాయి. ఒక లైన్లో ఐదు వ్యాగన్లు, మిగతా రెండింట్లో మూడేసి పడతాయి. ఇంజను వెనక్కి ముందుకి ఆడే లైన్లో ఇంజనుతో పాటు మూడు వ్యాగన్లకే చోటు. మొత్తం పొట్టి వ్యాగన్లు ఎనిమిది. చీటీలు తీసి, వచ్చిన ఐదు వ్యాగన్లని అదే వరసలో బండిగా కట్టాలి. ఈ వరసలు 6,720 రకాలుగా రావచ్చు. ఒక్కోసారి నాలుగు కదలికల్లో అయిపోతుంది, ఒక్కోసారి కాఫీ చల్లారిపోతుంది కానీ పని తెమలదు. మోడల్ రైల్వేలో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది ఇదే. తక్కువ చోటులో, తక్కువ ఖర్చుతో ఇంతసేపు మనసుని పట్టి ఉంచేది ఇంకొకటి నేను చూడలేదు.

"మన రైళ్లు దొరుకుతాయా?" అని అందరూ అడుగుతారు. రెడీమేడ్‌గా దొరకడం అరుదు. రెండు పట్టాల మధ్య దూరాన్ని గేజి అంటారు. మన బ్రాడ్ గేజి 1,676 మిల్లీమీటర్లు. హెచ్‌ఓ లెక్కన పట్టాల మధ్య 19 మిల్లీమీటర్ల పైన ఉండాలి. బజారులో దొరికేది 16.5 మిల్లీమీటర్లది, అది విదేశాల్లో ఎక్కువగా ఉన్న 1,435 మిల్లీమీటర్ల స్టాండర్డ్ గేజికి లెక్క. మన చెన్నై మెట్రోది ఆ గేజే కాబట్టి, మెట్రో మోడల్ చేసుకుంటే కొలత సరిగ్గా కుదురుతుంది. మిగతా బండ్లకి ఆ రెండు మూడు మిల్లీమీటర్ల తేడాతో టెన్షన్ పడకండి. మొదట విదేశీ బండితోనే చెయ్యి తిప్పుకోండి, తర్వాత రంగులు మార్చుకోవచ్చు, పెట్టెలు సొంతంగా కట్టుకోవచ్చు. అప్పుడు ఐసీఎఫ్ దగ్గరున్న రైలు మ్యూజియం బాగా పనికొస్తుంది. అసలు ఇంజన్లని, పెట్టెలని దగ్గరగా చూసి ఫొటోలు తీసుకోవచ్చు. ఆ ఫ్యాక్టరీ మొదలైంది 1955లో. ఐసీఎఫ్ రకం పెట్టెల తయారీ అక్కడ 2018లో ఆగిపోయింది కాబట్టి, ఆ నీలం పెట్టెల వివరాలు ఇప్పుడే సేకరించుకోవడం మంచిది. పుణే వెళ్లినప్పుడు కోత్‌రూడ్‌లోని జోషీ మినియేచర్ రైల్వే మ్యూజియం కూడా చూసి రండి.

ఇక డబ్బు సంగతి. కొత్త విదేశీ సెట్టు సాధారణంగా పది వేలు దాటుతుంది. బయటి నుంచి తెప్పిస్తే పోస్టేజీ, కస్టమ్స్ సుంకం కలిపి చేతికి వచ్చేసరికి ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోండి. ఖర్చులో మొదటి వాటా పట్టాలకి, కంట్రోలరుకి పెట్టండి. చవక కంట్రోలరుతో మంచి ఇంజను కూడా ఒక్కసారిగా ఉరుకుతుంది. నికార్సైన కంట్రోలరు ఉంటే సాదా ఇంజను కూడా స్టేషన్లోకి నెమ్మదిగా జారుకుంటూ వస్తుంది. మామూలు సెట్లు 12 వోల్టుల డీసీ మీద నడుస్తాయి. అమెరికా సెట్టుతో వచ్చే అడాప్టరు 120 వోల్టులది, జపాన్‌ది 100 వోల్టులది కావచ్చు. మన 230 వోల్టుల ప్లగ్గులో అలాగే పెడితే కాలిపోతుంది. వెనక రాసింది చదవండి, అవసరమైతే మన కరెంటుకి సరిపడే కంట్రోలరు విడిగా కొనండి.

ఒకే పట్టాల మీద రెండు ఇంజన్లని వేర్వేరుగా నడిపించే డిజిటల్ పద్ధతి ఉంది, దాన్ని డీసీసీ అంటారు. మొదటి ఏడాది దాని జోలికి పోకండి. కొనే ఇంజనులో ఆ డిజిటల్ ఆదేశాలు అందుకునే డీకోడరు పెట్టుకునే సాకెట్ ఉంటే చాలు, తర్వాత మారొచ్చు.

పట్టాలు ఏ లోహంతో చేశారో తప్పకుండా అడగండి. స్టీలు పట్టాలు మన సముద్రపు గాలికి తుప్పు పడతాయి. ఇత్తడి మీద పట్టే పొర కరెంటుని అడ్డుకుంటుంది. నికెల్ సిల్వర్ అనే మిశ్రమలోహపు పట్టాలకి ధర ఎక్కువైనా చెన్నైకి అవే సరి. వాటినీ అప్పుడప్పుడు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ అద్దిన గుడ్డతో తుడవాలి. వైర్లకి, సోల్డరింగ్ సామానుకి రిచీ స్ట్రీట్ ఉండనే ఉంది. ఆట అయ్యాక పాత దుప్పటి ఒకటి కప్పేయండి, ఫ్యాను గాలికి రేగే దుమ్ము పళ్లచక్రాల్లోకి దూరకుండా ఉంటుంది. కొత్త ఇంజనుని మొదటిరోజు పెట్టెలు తగిలించకుండా, ముందుకి అరగంట, వెనక్కి అరగంట మధ్యస్థ వేగంతో తిప్పితే మోటారు కుదురుకుంటుంది.

సెకండ్‌హ్యాండ్‌లో కొనేటప్పుడు వేగంగా నడిపి చూపిస్తే ఒప్పుకోకండి. బాగా నెమ్మదిగా, రెండు వైపులా నడిపించమనండి. ఆగి ఆగి కదిలితే చక్రాలు మురికి పట్టి ఉండొచ్చు, లేదా పాత గ్రీజు గట్టిపడి ఉండొచ్చు, అవి బాగుచేసుకోవచ్చు. చక్రం తిరిగినప్పుడల్లా ఒకే చోట టక్కుమని ఆగుతుంటే పళ్లచక్రం పగిలిందేమోనని అనుమానించాలి. దానికి విడిభాగం దొరుకుతుందని అమ్మేవాళ్లు చూపించగలిగితేనే తీసుకోండి. ఇంకో కంపెనీ పెట్టెలు మీ ఇంజనుకి తగులుకుంటాయో లేదో కూడా అక్కడే తగిలించి చూడండి, కొక్కేలు ఒక్కో దేశానిది ఒక్కో తీరు.

నమస్కారం.